ఏడు కిలోమీటర్ల బాకీ

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, తెలుగు అధ్యాపకుని నుండి వారు ఎదురుచూచేది ఏమిటో నాకు తెలియకపోలేదు. ఒక ప్రబంధంలోని వర్ణనలను గురించో, ఒక శతకకారుని జీవితాన్ని గురించో నాలుగు పుటలు వ్రాసి ఇచ్చినట్లయితే ఇరుపక్షాలకూ సుఖంగా ఉండేది. గడచిన రెండు సంచికలకూ నేను చేసిన పని అదే. ఈ పర్యాయం మాత్రం నా పరుగును గురించి వ్రాయ సాహసిస్తున్నాను. మన విద్యార్థులలో కొందరు తెల్లవారుజామున కట్టమంచి దారిలో నన్ను చూచినవారే. "సార్‌ను ఎవరు తరుముకొని వస్తున్నారో!" అని వారు తమలో తాము నవ్వుకొన్న సంగతి నా చెవిని కూడా పడింది. ప్రశ్న న్యాయమైనదే. సమాధానం చెప్పవలసిన బాధ్యత నా మీద ఉన్నది.

నన్ను తరిమినది చక్కెర వ్యాధి. అది నన్నింకా పట్టుకోలేదు గాని, మా ఇంటి గడప ఎరిగిన వ్యాధి. మా అబ్బాజాన్ చిత్తూరు బెల్లం మండీలో ముప్పది సంవత్సరాలు గుమాస్తాగా పనిచేశారు. వచ్చిన ప్రతి బండి బెల్లాన్నీ చిటికెడు నోట వేసికొని, పాకం ముదిరినదా లేదా, చెరకు ఉప్పునేలలో పండినదా మంచి నేలలో పండినదా అన్నది చెప్పగలిగేవారు. ఆ నాలుకే ఆయనకు జీతం తెచ్చిపెట్టింది. 2016లో వేలూరులో ఆయన కాలి వ్రేలు ఒకటి తీసివేశారు. 2018లో పాదం తీసివేశారు. 2019లో ఆయనే వెళ్ళిపోయారు. చివరి రోజులలో మంచం మీద కూర్చుండి, లేని పాదం దురద పెడుతున్నదని నాతో చెప్పేవారు. నేను ఆ చోట దుప్పటిని గోకేవాడిని.

2022లో, నాకు ముప్పది నాలుగేండ్లు నడుస్తుండగా, మూడు నెలల రక్తంలోని చక్కెర సగటును తెలిపే పరీక్షలో నాకు 6.1 వచ్చింది. 5.7 కంటె తక్కువ ఉంటే నిశ్చింత. 6.5కు చేరితే వ్యాధి. నేను ఆ రెండు ఊళ్ళకూ నడుమ పొలిమేరలో నిలబడి ఉన్నానన్నమాట. డాక్టరు గారు మందు వ్రాయలేదు. "నడవండి, వీలైతే పరుగెత్తండి" అన్నారు.

బూట్లు కొన్నాను. చరవాణిలో దూరాన్ని కొలిచే సాధనం పెట్టించుకొన్నాను. మొదటి నెలకు నూరు కిలోమీటర్లు పరుగెత్తాలని సంకల్పం చేసికొన్నాను. నూరే ఎందుకని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. గుండ్రంగా ఉన్నదని, అంతే. రోజుకు పదివేల అడుగులు నడవాలని అందరూ అంటుంటారు గదా, ఆ పదివేలు కూడా అటువంటిదే. 1965లో జపానులో అడుగులను లెక్కించే పరికరమొకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరుకు ‘పదివేల అడుగుల కొలమానం’ అని అర్థం. వ్యాపారస్థులు పెట్టిన ఆ పేరే లోకానికి ఆరోగ్యసూత్రమై కూర్చున్నది. మారథాను పందెపు దూరమైన 42.195 కిలోమీటర్లకు కూడా శాస్త్రమేమీ లేదు. 1908లో లండను ఒలింపిక్సులో రాజప్రాసాదం నుండి క్రీడామందిరంలోని రాజకుటుంబపు ఆసనాల వరకు కొలిచిన దూరమది. 1921లో దానినే స్థిరపరచారు. అంకె ఎక్కడి నుండి వచ్చినా, అది ఒకసారి మనస్సులో కూర్చుంటే యజమాని అయిపోతుంది. నా నూరు కిలోమీటర్ల యజమాని మొదటి నెలలో పదకొండు దినాలు మాత్రమే పని చేయించుకొన్నాడు. ముప్పదియొక్క కిలోమీటర్లు. రెండవ నెల తొమ్మిది. మూడవ నెలలో బూట్లు మంచం క్రిందికి చేరాయి. పిల్లి వాటి మీద నిద్రపోవడం అలవాటు చేసికొన్నది.

ఎమ్మే చదివే రోజులలో తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వీధులలో, కొండ నీడన, తెల్లవారకముందే పరుగెత్తేవారిని చూచి నేను జాలిపడేవాడిని. ఇంత చల్లని వేళ నిద్రను కాదనుకొనేవారికి బుద్ధి సరిగా లేదని నా అభిప్రాయం. పదేండ్లు గడచిన తరువాత నా అభిప్రాయం నాకే అడ్డు తగిలింది.

2023 జూన్ నెలలో ఒకనాడు మెసానికల్ మైదానం దగ్గరి టీ అంగడిలో కూర్చుండి ఉండగా, ఆర్టీసీలో డ్రైవరుగా పదవీ విరమణ చేసిన పెద్దమనిషి ఒకరు నన్ను పలకరించారు. తిరుమల ఘాటు రోడ్ల మీద ఎన్నో సంవత్సరాలు బస్సు నడిపిన మనిషి. అందరూ ఆయనను డ్రైవరన్న అంటారు.

"ఏం సార్, కొన్నాళ్ళు కనబడినారు, మళ్ళా మాయమైపోతిరే?"

పేపర్ల దిద్దుబాటు, పాఠ్యప్రణాళిక, ఇంట్లో పనులు అని ఏవేవో చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"రేపు అయిదున్నరకు గేటుకాడ నిలబడి ఉంటా. మీరొస్తే ఇద్దరం పోదాం. రాకపోతే కొంచెంసేపు చూసి నేను పోతా."

ఆయన నాకు ఆరోగ్యాన్ని గురించి గాని, ఆయుర్దాయాన్ని గురించి గాని ఒక్క మాట చెప్పలేదు. మరునాడు ఫజర్ నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగుతుండగా, గేటు దగ్గర ఒక అరవై ఏండ్ల మనిషి నిలబడి ఉంటాడన్న తలంపు నన్ను ఇంటి వైపు తిరుగనీయలేదు.

ఆ విధంగా నేనొక గుంపులో చేరాను. మాది సంఘం కాదు, సమాజం కాదు. పేరు లేదు, చందా లేదు, ఒకే రంగు చొక్కాలూ లేవు. డ్రైవరన్న, తవణంపల్లి వైపు నాలుగెకరాల మామిడితోట గల రైతు ఒకాయన, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక సోదరి, పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి సిద్ధమవుతున్న ఒక కుర్రవాడు, నేను. వచ్చి పోయేవారు మరి కొందరు. మాలో ఎవరికీ పతకాలతో పని లేదు. మమ్మల్ని కట్టి ఉంచినది ఒక నల్లట్ట నోటుపుస్తకం.

ఆ పుస్తకం డ్రైవరన్నది. బస్సు నడిపినన్నాళ్ళూ ఎన్ని కిలోమీటర్లు తిరిగినదీ, ఎంత డీజిలు త్రాగినదీ లాగ్‌షీటులో వ్రాసి వ్రాసి ఆయన చేతికి ఆ అలవాటు ఎముకలో ఇంకిపోయింది. ప్రతి నెల మొదటి తారీఖున టీ అంగడి బల్ల మీద పుస్తకం తెరుస్తాడు. ఆ నెలకు ఎవరి లెక్క వారు పైకి చెప్పాలి. ఆయన వ్రాసికొంటాడు. పైకి చెప్పడమన్నది చిన్న విషయంగా కనబడుతుంది గాని, అది ఎంత బరువైనదో నేను మొదటిసారి నోరు తెరచినప్పుడు తెలిసింది. నూరు అనబోయి అరవై అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకరి లెక్కను మరొకరు పెంచకూడదు, తగ్గించకూడదు, ఎందుకని అడుగకూడదు. అదొక్కటే మా కట్టుబాటు. నెలాఖరుకు ఎవరి మాట వారిదే సాక్ష్యం. చరవాణి చూపించనక్కరలేదు. డ్రైవరన్న దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఒకరికి యంత్రం సాక్షి, ఒకరికి మాట సాక్షి అంటే కుదరదని ఆయన వాదం.

అందరి లెక్కలూ ఒక జాతివి కావు. డ్రైవరన్నవీ, రైతువీ, నావీ కిలోమీటర్లు. సిస్టరమ్మ మాత్రం కిలోమీటర్లు చెప్పదు, దినాలు చెబుతుంది. "పదహారు దినాలు" అంటుంది, అంతే. రాత్రి డ్యూటీ ముగించుకొని తిన్నగా మైదానానికి వచ్చే దినాలు ఉంటాయి. అటువంటి నాడు రెండు చుట్లు తిరిగినా ఒక దినమే, మరొకనాడు ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తినా ఒక దినమే. "కాళ్ళు ఎంత దూరం పోతాయో నా చేతిలో లేదు సార్. గేటు దాకా రావడం నా చేతిలో ఉంది" అని ఒకసారి చెప్పింది. అప్పుడు నేను దానిని ఓపిక లేనివారి లెక్క అనుకొన్నాను.

కుర్రవాని లెక్క సెకండ్లలో ఉండేది. కానిస్టేబులు దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లను 8 నిమిషాలలో పూర్తిచేయాలి. 2022 నవంబరులో 6,100 ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. 2023 జనవరి 22న ప్రాథమిక పరీక్ష జరిగింది, అతడు గట్టెక్కాడు. దేహదారుఢ్య పరీక్షలు మొదలైనది 2024 డిసెంబరు 30న. నడుమ దాదాపు రెండు సంవత్సరాలు. తేదీ తెలియని పరీక్ష కోసం రెండేండ్లు పరుగెత్తడమంటే ఏమిటో విద్యార్థి మిత్రులు ఊహించుకోగలరు. 2024 వేసవిలో అతడు రావడం మానివేశాడు. డ్రైవరన్న వాళ్ళ ఇంటికి వెళ్ళి, "బస్సు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు బస్టాండులో కూర్చోవాల్సిందే నాయనా. ఇంటికి పోయి పడుకుంటే బస్సు నీ ఇంటికి రాదు" అని చెప్పి వచ్చాడట. మరుసటి తారీఖున కుర్రవాడు వచ్చి "ఏడు నిమిషాల నలభై" అని తన లెక్క చెప్పాడు. 2025 జనవరిలో పరుగులో నెగ్గాడు. జూన్ 1న ప్రధాన పరీక్ష వ్రాశాడు. ఆగస్టు 1న ఫలితాలు వచ్చాయి. జాబితాలో అతని సంఖ్య లేదు. ఆ తారీఖు మా పుస్తకం తారీఖు కూడా. ఫలితాలు చూచిన మరునాటి తెల్లవారుజామున అతడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మాకెవ్వరికీ నోట మాట రాలేదు. సిస్టరమ్మే "ఈ నెలకు నీ లెక్క రాయలేదు, ఎంత?" అని అడిగింది. చాలాసేపటికి "యాభై కిలోమీటర్లు" అన్నాడు. సెకండ్లు విడిచి అతడు కిలోమీటర్లు చెప్పడం అదే మొదలు.

మామిడి రైతును గురించి కూడా చెప్పాలి. జూన్ నెల వచ్చిందంటే చిత్తూరు చుట్టూ ఉన్న గుజ్జు కర్మాగారాల దగ్గర తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఆ కాయను మనం బెంగళూర అంటాము. ఆ దినాలలో రోడ్డు అంచున పరుగెత్తడానికి చోటుండదు. పండిన కాయల వాసన, డీజిలు వాసన కలసి ముక్కుకు అంటుకొంటాయి. 2025లో పంట విరగకాసి ధర పడిపోయింది. కిలోకు 8 రూపాయలు కర్మాగారాలు ఇవ్వాలని, 4 రూపాయలు ప్రభుత్వం కలపాలని నిర్ణయించారు. నిర్ణయం ఒకటి, వరుసలో నిలబడి ఉన్న ట్రాక్టరు ఒకటి. మా మిత్రుడు కాయలు చెడిపోతూ ఉండగా రాత్రింబవళ్ళు ట్రాక్టరు క్రిందనే పడుకొన్నాడు. ఆ నెలకు ఆయన చెప్పిన లెక్క నలభై. జూలై 1న టీ అంగడికి ఫోను చేసి డ్రైవరన్నను పిలిపించుకొన్నాడు. "అన్నా, నా పేరు కాడ గీత గీయొద్దు. సున్నా రాయండి" అన్నాడు. డ్రైవరన్న సున్నా వ్రాశాడు. గీతకూ సున్నాకూ భేదమేమిటని కుర్రవాడు అడిగాడు. గీత అంటే మనిషి లేడని, సున్నా అంటే ఉన్నాడని డ్రైవరన్న చెప్పాడు.

ఇక రంజాను. చాంద్రమానానికీ, ఇంగ్లీషు నెలలకూ పొత్తు కుదరదని మనకు తెలుసు. రంజాను ఏటేటా పది పదకొండు దినాలు ముందుకు జరుగుతూ ఉంటుంది. 2025లో మాత్రం ఆ రెండూ ఇంచుమించు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మార్చి 2న మొదటి రోజా, 31న ఈదు. కనుక ఆ మార్చి నెలకు నా లెక్క ఉండదని ఒకటవ తారీఖుననే చెప్పివేశాను. సిస్టరమ్మ ఒప్పుకోలేదు. "నాకు నైట్ డ్యూటీ నెల ఉండదా సార్? ఆ నెల నా పేరు తీసేస్తారా?" అన్నది. చివరకు నలభై వ్రాయించుకొన్నాను. ఇఫ్తారుకు ముప్పావు గంట ముందు, ఎండ తగ్గిన తరువాత, నడక కంటె కొంచెం వేగంగా సాగే పరుగు. ముగిసిన కాసేపటికే నోట నీళ్ళు పడతాయన్న ఆశ ఒకటి చేదోడు. వారానికొకసారి మిగిలినవారు కూడా తమ పరుగును సాయంకాలానికి మార్చుకొన్నారు. డ్రైవరన్న ఖర్జూరాల పొట్లం, నీళ్ళ సీసా దగ్గర పెట్టుకొని గట్టు మీద కూర్చునేవాడు. పరుగెత్తి దప్పిగొన్నా, అజాను వినబడేవరకు తాను కూడా ఒక్క గుక్క త్రాగేవాడు కాడు. త్రాగండని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. 2012 లండను ఒలింపిక్సులో మో ఫరా అయిదువేల, పదివేల మీటర్ల పందేలు రెంటినీ రంజాను నెలలోనే గెలిచాడు. ఆయన ఉపవాసాలను తరువాతికి వాయిదా వేసికొన్నాడు. నాది ఎవరితోనూ పందెం కాదు కనుక నాకు వాయిదాతో పని పడలేదు. ఆ నెల నలభై మూడు కిలోమీటర్లు అయినవి.

నా పరుగును చూచి మొదట్లో విసుగుకొన్న మా అమ్మీ ఆ నెలలోనే ఒక మాట అన్నది. బిడ్డకు నీళ్ళ కోసం సఫా, మర్వా గుట్టల నడుమ హాజిరా బీబీ ఏడుసార్లు పరుగెత్తినది గదా, నీవు నీ బిడ్డల కోసం పరుగెత్తుతున్నావనుకొంటానులే, అని. హజ్ యాత్రికులు నేటికీ చేసే ఆ ఏడు చుట్ల నడకకు ‘సయీ’ అని పేరు. మన సంచిక ఉర్దూ విభాగం పాఠకులకు ఆ మాట నేను చెప్పనక్కరలేదు. ఉర్దూలో సయీ అంటే ప్రయత్నం. అమ్మీ మాట నాకు సంతోషం కలిగించవలసినది. ఏడు అన్న అంకె వినగానే నాకు తల వంగిపోయింది. దానికి కారణమే ఈ వ్యాసంలో నేను అసలు చెప్పవలసినది, ఇంతవరకు దాటవేస్తూ వచ్చినది.

2024 జూలై నుండి అక్టోబరు వరకు నాలుగు నెలలు వరుసగా నేను చెప్పిన లెక్క నెరవేర్చాను. అరవై, అరవై అయిదు, డెబ్బది, డెబ్బదియైదు. ప్రతి నెలా నా పేరుకు ఎదురుగా డ్రైవరన్న ఎర్ర సిరాతో ఒక గీత గీసేవాడు. ఆ నాలుగు ఎర్ర గీతలూ నన్ను ఎంత పొంగజేశాయంటే, తరగతిలో పాఠం చెబుతూ మధ్యలో అవి జ్ఞాపకం వచ్చి నాలో నేను నవ్వుకొనేవాడిని. నవంబరుకు ఎనభై చెప్పాను. ఈశాన్య ఋతుపవనం కాలం, దానికి తోడు పరీక్షల పనులు. 29వ తారీఖుకు డెబ్బది మూడు అయినవి. మిగిలినవి ఏడు. ఒక ఉదయం చాలు.

30వ తారీఖు శనివారం. ఫెంగల్ తుఫాను ఆ రాత్రి పుదుచ్చేరి సమీపాన తీరం దాటింది. మన వైపు తెల్లవారుజాము నుండే ముసురు, ఈదురుగాలి. ఫజర్ తరువాత కిటికీ తెరచి చూచి, ఇటువంటి వానలో ఎవరు వస్తారు అనుకొని దుప్పటి కప్పుకొన్నాను. సాయంకాలం చూద్దామనుకొన్నాను. సాయంకాలం వాన హెచ్చింది.

మరునాడు టీ అంగడి పరదా క్రింద ముడుచుకొని కూర్చున్నాము. డ్రైవరన్న పుస్తకం తెరచి నా వైపు చూచాడు. డెబ్బది మూడు అందామనే నోరు తెరిచాను. "ఎనభై" అని వినబడింది. నా గొంతే. "నిన్న కాలేజీ వరండాలో..." అని కూడా ఏదో చేర్చాను. ఎవరూ అడుగని వివరం చెప్పడం అబద్ధానికి మొదటి లక్షణమని పిల్లలకు చెప్పేవాడిని నేను. డ్రైవరన్న తల యెత్తకుండా వ్రాశాడు. ఎర్ర గీత గీశాడు. అయిదవ గీత. ఆనాటి టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

ఏడు కిలోమీటర్ల అబద్ధం వల్ల లోకానికి వచ్చిన నష్టమేమిటని నన్ను నేను సమాధానపరచుకోవడానికి చాలా ప్రయత్నించాను. డబ్బు కాదు, మార్కులు కాదు, ఎవరి హక్కూ హరించలేదు. మా అర్థశాస్త్ర మిత్రుని దగ్గర పేరు చెప్పకుండా ప్రసక్తి తెస్తే, ఆయన చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త 1975లో చెప్పిన సూత్రమొకటి వినిపించాడు. కొలతనే గమ్యంగా చేసికొంటే ఆ కొలత చెడిపోతుందన్నది దాని సారాంశం. వినడానికి బాగున్నది. కాని చెడిపోయినది కొలత కాదు, కొలిచినవాడు. తెలుగులో ‘పరువు’ అన్న మాటకు గౌరవమనే కాక పరుగు అనే అర్థం కూడా ఉన్నది. పరువెత్తు, పరువిడు అన్న క్రియలు అందులో నుండి వచ్చినవే. నిఘంటువులో ఆ రెండర్థాలూ ప్రక్కప్రక్కనే ఉంటాయి. ఎన్నో సంవత్సరాలుగా పాఠం చెబుతున్నా వాటిని కలిపి చదివే అవసరం నాకు అంతవరకు రాలేదు.

డిసెంబరులో పరీక్షల పర్యవేక్షణకు మరొక కళాశాలకు వెళ్ళవలసి వచ్చింది. రెండవ గంటలో వెనుక వరుసలో ఒక విద్యార్థి అరచేతిలో చీటీ దొరికింది. అగ్గిపెట్టె ప్రమాణంలో మడిచిన కాగితం. అతడు ఏడవలేదు, వాదించలేదు. "ఒక్క ప్రశ్నే సార్. మిగతా అన్నీ నేనే రాసినా సార్" అన్నాడు. నిజమే అయి ఉంటుంది. జవాబు పత్రం నిండుగా, చక్కని చేతివ్రాతతో ఉన్నది. నియమం ప్రకారం చీటీని పై అధికారికి అప్పగించాను. అతడు సంచి తీసికొని తలుపు దాటి వెళ్ళడం చూచాను. డెబ్బది మూడు నేనే పరుగెత్తాను సార్, ఒక్క ఏడే సార్, అన్న మాటలు నా చెవిలో అతని గొంతుతోనే వినబడసాగాయి. ఆ దినం ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుండి లేచిపోయాను. నా భార్య జ్వరమేమోనని నుదురు తాకి చూచింది.

అతని విషయంలో నేను చేసినది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. చేయడానికి నాకు అర్హత ఉన్నదా అన్నదే తెగని ప్రశ్న.

మరునాడు అయిదు గంటలకే గేటు దగ్గరకు వెళ్ళాను. డ్రైవరన్న ఒక్కడే ఉన్నాడు. చీకటిలో ముఖాలు సరిగా కనబడని వేళ కావడం నాకు మేలు చేసింది. "అన్నా, పోయిన నెల నా లెక్క ఎనభై కాదు, డెబ్బది మూడు" అన్నాను.

"తెలుసు సార్."

"ఎట్లా తెలుసు?"

"ఆ పొద్దు నేనొచ్చినా గదా. మీరు ఏడు బాకీ అని ముందురోజు చెప్పినారు. వస్తారేమో అని గొడుగేసుకోని వచ్చి నిలబడినా. అరగంట చూసి పోయినా."

తుఫాను గాలిలో, గొడుగు నిలువని ఆ వానలో, అరవై ఏండ్లు దాటిన మనిషి నా ఏడు కిలోమీటర్ల కోసం అరగంట నిలబడ్డాడు. ఆ సమయంలో నేను దుప్పటి క్రింద ఉన్నాను. మరునాడు ఆయన నా అబద్ధాన్ని తన చేతితో పుస్తకంలో వ్రాసి, టీ డబ్బులు కూడా ఇచ్చాడు.

"మరి ఆ రోజే ఎందుకు అనలేదు అన్నా?"

"ఎవరి లెక్క వారిదే అని పెట్టుకుంటిమి గదా సార్. నేను రాసేవాణ్ణే."

పుస్తకం తెప్పించి ఎనభైని కొట్టివేయబోయాను. ఆయన నా చేయి పట్టుకొని ఆపాడు. లాగ్‌షీటులో కొట్టివేతలు ఉండకూడదట. తప్పు పోతే ప్రక్కన సరియైన అంకె వేసి సంతకం చేయాలట, డిపోలో అదే పద్ధతట. ఎనభై ప్రక్కన 73 అని వేసి సంతకం చేశాను. ఎర్ర గీత మాత్రం అట్లాగే ఉండిపోయింది. జనవరి పుటలో నా పేరు క్రింద ‘పాత బాకీ 7’ అని ఆయన ఒక వరుస చేర్చాడు. ఆ నెల మొదటి ఆదివారం ఆ ఏడు కిలోమీటర్లూ వేరుగా పరుగెత్తాను. కట్టమంచి చెరువు వరకు వెళ్ళి, అక్కడ ఆగకుండా తిరిగి, లెక్క చాలక మైదానం చుట్టూ మరి కొన్ని చుట్లు తిరిగాను. నలుగురూ గట్టు మీద కూర్చుండి చూచారు. విషయం వారికి నేనే చెప్పాను. సిస్టరమ్మ "ఇంత కథా సార్!" అని నవ్వింది. కుర్రవాడు నవ్వలేదు.

ఆ తరువాత కూడా లెక్క తప్పిన నెలలు ఉన్నాయి. 2025లో నాలుగు. తప్పిన నెలలలో తప్పిందనే చెప్పాను. అదేమీ గొప్ప కాదు, ప్రతిసారీ గొంతులో కొంచెం అడ్డు తగులుతూనే ఉంటుంది. మూడు నెలల సగటు పరీక్ష ఇటీవల చేయించుకొన్నాను, 5.8 వచ్చింది. పొలిమేర ఇంకా దాటలేదు, కాని ఊరు కనబడుతున్నది.

2025 చివరలో డ్రైవరన్న మోకాలు మొరాయించింది. పరుగు మానుకోక తప్పదని డాక్టరు చెప్పారు. 2026 జనవరి మొదటి తారీఖున టీ అంగడిలో ఆయన పుస్తకాన్ని నా ముందుకు జరిపాడు. "ఇంకనుంచి మీరు రాయండి సార్. మీ చేతిరాత బాగుంటుంది" అన్నాడు. రైతు యాభై అన్నాడు. సిస్టరమ్మ పద్ధెనిమిది దినాలు అన్నది. కుర్రవాడు తొంభై అన్నాడు. నేను డెబ్బది వ్రాసికొన్నాను. డ్రైవరన్న పేరు కూడా వ్రాసి, కలం ఆపి, ఆయన వైపు చూచాను.

"మీ లెక్క అన్నా?"

"గేటు దాకా వస్తా. ప్రతి పొద్దూ వస్తా. అది రాసుకోండి."

‘గేటు, 30’ అని వ్రాశాను.

"ఈ నెలకు ముప్పైఒకటి సార్" అన్నది సిస్టరమ్మ.

కొట్టివేయకుండా, ప్రక్కన 31 అని వేసి, సంతకం చేశాను.